తంగేడును ఇంటి దగ్గర ఎట్లా బతికించుకోవాలి?

అనంతపురం_ఎర్రనేల:
అందరికీ నమస్కారం. గేటు పక్కన తంగేడు ఉండాలని నాకు చాన్నాళ్ల కోరిక. వాన పడినాక గుట్ట మీద మోకాలెత్తు మొక్కను తవ్వి తెచ్చి నాటాను, అదీ రెండుసార్లు. రోజూ నీళ్లు పోసినా వారం తిరక్కుండానే రెండూ ఎండిపోయాయి. నీటి చుక్క లేని గుట్ట మీద బతికేది మా ఇంట్లో ఎందుకు బతకలేదు?

తాడిపత్రి_చేను:
అన్నా, దాని తల్లివేరు చాలా లోతుకు దిగుతుంది. గరుసు నేలలో గడ్డపారతో తవ్వితే తెగకుండా రాదు. గింజ వేసుకోండి. ఎండిన కాయ పలచగా కాగితంలా ఉంటుంది, వేలితో తడిమితే లోపల గింజలు తగులుతాయి. గింజ పైతోలు మహా గట్టి, ఊరికే మట్టిలో వేస్తే నెలలు అట్లే పడుంటుంది. నేనైతే నీళ్లు మరగబెట్టి, పొయ్యి మీద నుంచి దించి, గింజలు వేసి తెల్లారేదాకా వదిలేస్తా. పొద్దునకు ఉబ్బినవి విత్తుతా. ఉబ్బనివాటిని బండ మీద ఒక పక్క కొంచెం రుద్ది మళ్లీ నానబెడతా. చెట్టు ఎక్కడ కావాలో అక్కడే అర అంగుళం లోతున వేయండి.

కడప_మిద్దెతోట:
నాది నీళ్లు ఎక్కువై పోయింది. డ్రమ్ములో పెట్టి రోజూ పోస్తే మొదలు కుళ్లిపోయింది. రెండోసారి సగానికి సగం ఇసుక, గరుసు కలిపి, మట్టి బాగా ఆరినాకే పోశాను. ఇప్పుడు గుత్తులు గుత్తులుగా పూస్తోంది. పూలలో తేనె ఉండదు, పుప్పొడే. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో పట్టుకుని ఝుమ్మని అదిలిస్తుంది, అప్పుడు పుప్పొడి రాలుతుంది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడిపోతా. ఒక మాట, ఆకు మీద పచ్చ పురుగులు కనిపిస్తే మందు కొట్టొద్దు. అవి లేత రంగు సీతాకోకచిలుకలవుతాయి. ఆకంతా తినేసినా నా చెట్టు మళ్లీ చిగురించింది.

కర్నూలు_రేగడి:
మాది నల్లరేగడి, వానకు నీళ్లు నిలుస్తాయి. అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద వేస్తేనే నిలబడింది. పూత తగ్గినాక కొమ్మలు మూడో వంతు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. మా తాత వరిమడిలో తంగేడు రొట్ట ఎరువుగా తొక్కించేవాడు, దాని బెరడుతో తోళ్లు పదును చేసేవారని చెప్పేవాడు. తెలంగాణలో అది రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేరుస్తారు. మన దగ్గరేమో కంపతో పాటు జేసీబీతో లేపేస్తున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అనంతపురం_ఎర్రనేల:
అందరికీ చాలా థ్యాంక్స్. పదిహేను గింజలు నానబెడితే ఆరు ఉబ్బాయి, గేటు పక్కన మూడు మొలిచాయి. మొన్న సాయంత్రం ఆకులు ముడుచుకుంటే మళ్లీ పోయాయేమోనని టెన్షన్ పడి రాత్రి టార్చ్ వేసి చూశాను. పొద్దున్నే లేచి వెళ్తే మూడూ విచ్చుకుని ఉన్నాయి.