డిన్నర్‌లోకి తేలిగ్గా తాగగలిగే ఇటాలియన్ రెడ్ వైన్ ఏది?

ప్రశ్న:
శనివారం రాత్రి స్నేహితులు భోజనానికి వస్తున్నారు. టమాటా సాస్‌తో పాస్తా, ఓవెన్‌లో కాల్చిన చికెన్ చేద్దామనుకుంటున్నాను. ఇటాలియన్ రెడ్ వైన్ పెట్టాలని ఉంది, కానీ వచ్చేవాళ్లలో ఇద్దరికి రెడ్ వైన్ పెద్దగా అలవాటు లేదు, మరీ వగరుగా ఉంటే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తారు. అలాగని తియ్యటిదీ వద్దు. బరోలో గురించి అందరూ గొప్పగా చెప్తుంటారు, అది తీసుకోమంటారా? లేబుల్ చూస్తే ఏది ఊరో ఏది ద్రాక్షో తెలియట్లేదు.

జవాబు 1:
ఈ భోజనానికి బరోలో వద్దండీ. గొప్ప వైనే, కాదనను. కానీ దాన్ని చేసే నెబ్బియోలో ద్రాక్షకి వగరు, పులుపు రెండూ గట్టిగా ఉంటాయి, రూల్ ప్రకారం కనీసం 38 నెలలు నిల్వ ఉంచాక గానీ అమ్మకూడదు, ఆ తర్వాత కూడా మెత్తబడటానికి చాలా సీసాలకి ఏళ్లు పడుతుంది. బరోలో వచ్చే ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతం నుంచే వచ్చే బార్బెరా తీసుకోండి. బార్బెరా దాస్తి, బార్బెరా దాల్బా అని ఉంటాయి. బార్బెరా ద్రాక్ష పేరు, ఆస్తి, ఆల్బా ఊళ్లు. ఇందులో వగరుకి కారణమైన టానిన్ తక్కువ కాబట్టి నాలుక పట్టేసినట్టు ఉండదు, పులుపు మాత్రం బాగా ఉంటుంది, మీకు పనికొచ్చేది ఆ పులుపే. టమాటా సాస్ పక్కన పులుపు లేని వైన్ పెడితే చప్పగా, జీవం లేనట్టు అనిపిస్తుంది. బార్బెరా అయితే సాస్‌కి దీటుగా నిలబడుతుంది, దాని చెర్రీ పళ్ల రుచి కూడా ఎక్కడికీ పోదు.

జవాబు 2:
బార్బెరా మంచిదే గానీ అలవాటు లేనివాళ్లకి ఆ పులుపు మొదటి గుక్కలోనే కొడుతుందేమో. నేనైతే మోంటెపుల్చానో దబ్రుజో అంటాను. ఇందులో మోంటెపుల్చానో ద్రాక్ష పేరు, అబ్రుజో ప్రాంతం పేరు. రంగు చిక్కగా, భయపెట్టేలా ఉంటుంది, తాగితే మాత్రం పండిన ప్లమ్ పండులా మెత్తగా దిగుతుంది. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, వీనో నోబిలే ది మోంటెపుల్చానో అని ఇంకోటి ఉంటుంది, అది టస్కనీలోని మోంటెపుల్చానో ఊరిది, సాంజోవేసే ద్రాక్షతో చేస్తారు. దీనికీ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండీ. మరి కియాంటి ఎలా ఉంటుంది? పేరు విన్నది అదొక్కటే.

జవాబు 3:
కియాంటి కూడా సాంజోవేసేదే, టమాటాకి చక్కగా సరిపోతుంది. మామూలు కియాంటి చాలు, రిజర్వా అని రాసున్నది ఎక్కువకాలం నిల్వ ఉంచినది, అంత బరువు మీకిప్పుడు అక్కర్లేదు. సీసా మెడ మీద నల్ల కోడిపుంజు బొమ్మ ఉంటే అది కియాంటి క్లాసికో, అందులో కనీసం 80 శాతం సాంజోవేసే ఉండాలి, కాస్త వగరు తగులుతుంది. అయినా నా ఓటు బార్బెరాకే. పులుపు కొడుతుందన్న మాట ఖాళీగా తాగితే నిజం. ఒక ముద్ద పాస్తా తిని ఆ వెంటనే తాగమనండి, పులుపు వెనక్కి తగ్గి పండు రుచి ముందుకొస్తుంది. అమరోనే అనే ఇటాలియన్ రెడ్ వైన్ జోలికి మాత్రం వెళ్లకండి, ఎండబెట్టిన ద్రాక్షతో చేస్తారు, ఆల్కహాల్ 14 శాతానికి తగ్గదు, పాస్తాని మింగేస్తుంది.

ఇంకోటి, రెడ్ వైన్ అనగానే గది వేడిలో అలాగే పోసేస్తారు, దాంతో ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేం తెలియదు. వడ్డించే ముందు ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, 15 డిగ్రీల దగ్గర ఉంటే బార్బెరా ఎంత హాయిగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

జవాబు 1:
ఫ్రిజ్ మాట నూటికి నూరు పాళ్లు నిజం. మిగిలితే కార్క్ బిగించి మళ్లీ అందులోనే పెట్టేయండి, రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.