ఇంగ్లిషు పేర్లకు సైట్లలో ఇచ్చే అర్థాలు ఎంతవరకు నమ్మొచ్చు? (పాప పేరు గురించి)

పెరంబూరువాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అక్కకు పాప పుట్టింది, ఇక్కడే చెన్నైలో. బావగారి వైపు తరతరాలుగా ఇంగ్లిషు పేర్లే పెట్టుకుంటున్నారు. చివరికి మిగిలిన పేర్లు సిసీలియా (బావగారి నాయనమ్మ పేరు), షీలా, అమేలియా, వెనెస్సా, స్టెల్లా, మార్గరెట్.

చిక్కల్లా అర్థాల దగ్గరే. సిసీలియా అంటే ఒక సైట్లో ‘స్వర్గపు లిల్లీ’ అని, ఇంకో సైట్లో ‘గుడ్డి’ అని ఉంది. అమేలియాకు ఒకచోట ‘కష్టపడేది’, మరోచోట ‘పోటీపడేది’. వెనెస్సా అంటే సీతాకోకచిలుక అని అన్ని సైట్లూ రాశాయి. షీలా మన శీలే కదా అని చుట్టాలు అంటున్నారు. ఏది నిజమో తేల్చుకోవడం ఎలా? జనన ధ్రువపత్రంలో పేరు రాయించేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా తెలిసినవారు చెప్పగలరు.

నామకోశం:

పెరంబూరువాసి గారూ, పాపకు దీవెనలు. ‘అర్థం’ అనే ఒక్క గడిలో సైట్లు మూడు రకాల సంగతులు కలిపేస్తాయి. ఆ మాట పుట్టిన భాషలో దానికి ఉన్న అర్థం ఒకటి. తర్వాతి కాలంలో మతబోధకులో పండితులో దానికి అల్లిన అర్థం ఇంకొకటి. వినడానికి బాగుంటుందని ఈమధ్య ఎవరో చేర్చింది మరొకటి. వీటిని విడదీయాలంటే ఆ పేరు ఇంగ్లండుకు ఏ దారిన వచ్చిందో చూడాలి.

సిసీలియాతో మొదలుపెడదాం, ఎందుకంటే మీ జాబితాలో కథ ఎక్కువున్న పేరు అదే. ప్రాచీన రోములో కైకీలియుస్ అనే వంశం ఉండేది. రోమన్ల ఇళ్లలో ఆడపిల్లకు వంశనామాన్నే స్త్రీలింగంలోకి మార్చి పేరుగా పెట్టేవారు కాబట్టి ఆ వంశపు కూతుళ్లంతా కైకీలియాలే. ఈ వంశనామానికి మూలం లాటిన్‌లో గుడ్డి అని అర్థమిచ్చే ‘కైకుస్’ అంటారు. అదే పేరుగల సెయింట్ సిసీలియా సంగీతానికి రక్షక సాధ్వి, ఆమె పండుగ నవంబరు 22. ఆమె వల్లనే పేరు యూరపంతా పాకింది. ఇక ‘స్వర్గపు లిల్లీ’ అన్నది 13వ శతాబ్దంలో సాధుచరిత్రలు సంకలనం చేసినవారు భక్తికొద్దీ చెప్పిన వ్యుత్పత్తి. ‘కేలీ లిలియా’ అనే లాటిన్ మాటలు చెవికి సిసీలియాలా వినిపించడమే దానికి ఆధారం. ‘గుడ్డివారికి దారి’ అనే అర్థం కూడా అక్కడి నుంచే వచ్చింది.

1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఈ పేరు వాళ్లతోపాటు వచ్చింది. వాళ్ల నాయకుడైన విలియం రాజు కూతుళ్లలో ఒకామె సిసీలియా. ఇంగ్లిషువాళ్ల నోట అది సిసిలీ అయింది. అక్కడి నుంచి ఐర్లండు చేరి ఐరిష్ నోట ‘షీల’ అయింది. దానికే ఇంగ్లిషు వర్ణక్రమం తగిలించి షీలా అన్నారు. అంటే మీ జాబితాలోని సిసీలియా, షీలా ఒకే పేరుకు రెండు రూపాలు. సంస్కృతపు శీలతో దీనికి చుట్టరికం లేదు, ధ్వని మాత్రం కలిసింది. అయితే ఇటు తెలుగు చుట్టాలకు, అటు చర్చివాళ్లకు నచ్చే పేరు కావాలనుకుంటే ఆ పోలిక మీకు కలిసొచ్చేదే.

అమేలియా విషయంలో సైట్లు రెండు పేర్లను కలగలిపాయి. అమేలియా జర్మానిక్ పేరు. అందులోని ‘అమల్’ను పని, చురుకుదనం అనే అర్థాలతో ముడిపెడతారు. ఎమిలీ వేరు, అది ఏమీలియుస్ అనే రోమన్ వంశనామం నుంచి వచ్చింది. దాన్ని పోటీపడేవాడు అని అర్థమిచ్చే లాటిన్ మాటతో కలుపుతారు. కాబట్టి ‘పోటీపడేది’ ఎమిలీ వాటాలోది. జర్మనీలోని హానోవర్ రాజవంశం 1714లో ఇంగ్లండు గద్దెనెక్కాక అమేలియా అక్కడ బాగా వాడుకలోకి వచ్చింది. రెండో జార్జి రాజు కూతుళ్లలో ఒకామెది ఈ పేరే.

వెనెస్సాకు ప్రాచీన అర్థమే లేదు. ‘గలివర్ యాత్రలు’ రాసిన జోనథన్ స్విఫ్ట్ తన స్నేహితురాలు ఎస్తర్ వానమ్రీ కోసం అల్లిన పేరది. ఆమె ఇంటిపేరు మొదటి అక్షరాలు ‘వాన్’, ఎస్తర్ ముద్దుపేరు ‘ఎస్సా’ కలిపాడు. ఆ పేరుతో ఆమె గురించి రాసిన కవిత అచ్చయింది 1726లో. ఫాబ్రీసియస్ అనే కీటకశాస్త్రజ్ఞుడు ఒక సీతాకోకచిలుక ప్రజాతికి వెనెస్సా అని పెట్టింది 1807లో. పేరు ముందు, చిలుక తర్వాత.

స్టెల్లా సూటిగా లాటిన్, నక్షత్రం. చెన్నైలో ఉన్నారు కాబట్టి ఇంకో ముక్క చెప్పాలి. కెథీడ్రల్ రోడ్డులోని స్టెల్లా మారిస్ కాలేజీ పేరు మీకు తెలిసిందే. సముద్ర నక్షత్రం అనే ఈ మాట మరియమ్మకు బిరుదు. మరియ, మేరీ పేర్లకు మూలమైన మిర్యామ్ అనే హీబ్రూ పేరుకు జెరోమ్ పండితుడు ‘స్టిల్లా మారిస్’, అంటే సముద్రపు బొట్టు, అని అర్థం ఇచ్చాడని, ప్రతులు రాసుకుంటూ పోయేటప్పుడు ‘స్టిల్లా’ కాస్తా ‘స్టెల్లా’ అయిందని పండితులు చెబుతారు. ఒక్క అచ్చు మారితే చుక్కనీరు చుక్క అయింది. మిర్యామ్ అసలు అర్థంపై నేటికీ ఏకాభిప్రాయం లేదు. మేరీకి ఒకే అర్థం ఖాయంగా రాసేసిన సైటును నమ్మకండి.

మార్గరెట్‌తో పేచీ లేదు. గ్రీకులో ‘మార్గరీటెస్’ అంటే ముత్యం. ఫ్రెంచివారు ఒక పువ్వును కూడా మార్గరీట్ అంటారు, ఆ పువ్వుకు ఇంగ్లిషు పేరు డైసీ. అందుకే మార్గరెట్‌లను ఇంట్లో డైసీ అని పిలిచేవారు. మెగ్, పెగ్గీ, రీటా, గ్రేటా అన్నీ ఈ పేరు పిల్లలే.

వేళచ్చేరి ప్రూఫ్‌రీడర్:

నామకోశం గారు చెప్పినదానికి, ఎవరికి వారు సరిచూసుకునే పద్ధతి కలుపుతాను.

మొదట, ఇప్పటి స్పెల్లింగును ముక్కలు చేసి అర్థం వెతకకూడదు. దొరికినంతలో అతి పాత రూపం చూడాలి. జేమ్స్ అనే మాటను ఎలా విరిచినా ఏమీ రాదు. పాత రూపం ఇయాకోబుస్, తర్వాత ఇయాకోముస్, ఫ్రెంచి నోట జేమ్స్. అంటే మన తెలుగు బైబిల్లోని యాకోబే. జాన్ కూడా అంతే. యోహాను అని చదివితే ‘యెహోవా కృప చూపాడు’ అనే హీబ్రూ అర్థం దగ్గరగా కనబడుతుంది. ఇయన్, షాన్, ఇవాన్, జాక్ ఇవన్నీ అక్కడివే. బైబిలు పేర్ల మట్టుకు మనకు సైట్లకంటే తెలుగు బైబిలే మేలు, ఎందుకంటే అది పేర్లను హీబ్రూ, గ్రీకు రూపాలకు దగ్గరగా ఉంచింది. ఎలీసబెతు, మత్తయి, ఏతాను చూడండి. యోహాను సువార్తలో ‘దిదుమ అనబడిన తోమా’ అని ఉంటుంది. తోమా అరమాయికులో కవల, దిదుమ గ్రీకులో కవల. మన సెయింట్ థామస్ మౌంట్ థామస్‌కు అర్థం అదే.

రెండోది, పేరు నిజానికి ఊరిపేరో ఇంటిపేరో కాదా అని చూడాలి. ఆష్లీ, స్టాన్లీ, బ్రాడ్లీ, షర్లీ లాంటి వాటి చివర ఉన్నది ‘లేయా’ అనే పాత ఇంగ్లిషు మాట. అడవి నరికి చదును చేసిన చోటు అని అర్థం. స్టాన్లీ అంటే రాళ్లున్న అలాంటి చోటు. ఊరి పేరు ఇంటిపేరై, తర్వాత మనుషుల పేరైంది. మన స్టాన్లీ ఆసుపత్రికి ఆ పేరు వచ్చింది గవర్నర్ జార్జి స్టాన్లీ ఇంటిపేరు నుంచే. ఇలాంటి పేర్లకు సైట్లు ‘దృఢమైనవాడు’ లాంటి గుణాలు అంటగడితే అవి కల్పన.

మూడోది పాత ఇంగ్లిషు జంట పేర్లు. ఇక్కడ మంచి పుస్తకాలు కూడా కాస్త జారుతాయి. ఎడ్వర్డ్‌లో మొదటి సగం సంపద లేదా భాగ్యం, రెండో సగం కావలి. ఆల్‌ఫ్రెడ్‌లో ఎల్ఫ్ అనే అతీంద్రియ జీవి, ఆలోచన. వీటిని కలిపి ‘సంపదకు కావలివాడు’ అని వాక్యం చేస్తారు. కానీ పేరు పెట్టినవాళ్లు వాక్యం అనుకుని పెట్టలేదు. 11వ శతాబ్దపు ఊస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టాన్ సంగతి చూడండి. తల్లి వుల్ఫ్‌గిఫు, తండ్రి ఎథెల్‌స్టాన్. చెరో సగం తీసుకుని కొడుకుకు పెట్టారు. ‘తోడేలు రాయి’ అని అర్థం చెబితే ఆ పెట్టిన పద్ధతే మరుగున పడుతుంది. తల్లిదండ్రుల పేర్లు కలిపి పిల్లలకు పేరు కట్టడం మన ఇళ్లలోనూ ఉన్నదే. అందుకని ఈ రకం పేర్లకు రెండు ముక్కల అర్థాలు విడివిడిగా చెప్పి ఆపేయడమే నిజాయితీ.

నార్మన్లు వచ్చాక ఈ పేర్లలో చాలావరకు రెండు మూడు తరాల్లో మాయమయ్యాయి. విలియం, రిచర్డ్, రాబర్ట్, హెన్రీ వచ్చి కూర్చున్నాయి. ఎడ్వర్డ్ నిలవడానికి కారణం సాధువుగా ప్రకటించబడిన ఎడ్వర్డ్ రాజు మీద మూడో హెన్రీకి ఉన్న భక్తి. 1239లో పుట్టిన తన కొడుక్కి ఆ పేరు పెట్టాడు.

ఎక్కడ వెతకాలంటే, ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు సాధారణంగా మనుషుల పేర్లను చేర్చదు, అందులో లేదని కంగారు పడొద్దు. పేర్లకు వేరే నిఘంటువులుంటాయి. ఎళుంబూరులోని కన్నెమెరా లైబ్రరీ రిఫరెన్స్ విభాగంలో అడిగి చూడండి. ఏ పుస్తకమైనా, సైటైనా పేరు పక్కన ‘ఫలానా ఏడాది ఫలానా పత్రంలో ఈ రూపంలో కనబడింది’ అని చెబితే దానికి విలువ. తేదీ, పాత రూపం రెండూ లేకుండా అర్థం మాత్రమే ఇస్తే పక్కన పెట్టండి. ‘మూలం ఇంగ్లిషు’ అని మాత్రమే రాసి వదిలేసినా అంతే, ఎందుకంటే ఇంగ్లిషు పేర్లలో ఎక్కువభాగం హీబ్రూ, గ్రీకు, లాటిన్, జర్మానిక్, కెల్టిక్ భాషల నుంచి వచ్చినవే.

పెరంబూరువాసి:

ఇద్దరికీ చాలా చాలా ధన్యవాదాలండి. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నాయనమ్మగారి పేరు కాబట్టి సిసీలియా వైపే మొగ్గుతున్నారు, కానీ ‘గుడ్డి’ అనే మూలం విని అక్క వెనకాడుతోంది. పెట్టొచ్చంటారా?

నామకోశం:

నిస్సంకోచంగా పెట్టొచ్చండి. మూలపదం వేరు, పేరు మోసుకొచ్చినది వేరు. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు. క్లాడియా వెనుక ఉన్న మాటకు కుంటి అని అర్థం. బార్బరా అంటే పరాయిదేశపు మనిషి. ఇవన్నీ నిండు గౌరవంతో పెట్టుకున్న పేర్లు. కైకీలియా అని కూతుర్ని పిలిచిన రోమన్ తండ్రి చెప్పుకున్నది తన వంశాన్ని. తర్వాత వెయ్యేళ్లకు పైగా ఆ పేరు పెట్టినవాళ్ల మనసులో ఉన్నది సంగీతానికి రక్షకురాలైన సాధ్వి. మన పిచ్చయ్య, పెంటమ్మ పేర్లను కూడా ఎవరూ మాటకు మాటగా చదవరు, బిడ్డ బతకాలని పెట్టిన పేర్లని అందరికీ తెలుసు. పైగా మీ పాపకు అది ముత్తమ్మ పేరు. అక్కయ్యగారికి ఆ మూలం మరీ ఇబ్బందనిపిస్తే సిసిలీ అనో షీలా అనో ముద్దుపేరుగా పిలుచుకోండి, వంశపు పేరు పోదు.

రాయపురం రాతగాడు:

ధ్రువపత్రం సంగతి నేను చెబుతాను.

తొందరేమీ లేదు. జననం 21 రోజుల్లో నమోదవ్వాలి, ఆసుపత్రిలో పుడితే ఆ సమాచారం ఆసుపత్రే పంపుతుంది. పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదు ఆగదు. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. కానీ ఒకసారి పేరు ఎక్కాక మార్పించడం చాలా కష్టం, రాతదోషాలు దిద్దించడం వరకే సులువు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరిక, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు అన్నిటికీ ఈ పత్రమే ఆధారం కాబట్టి స్పెల్లింగు ఇప్పుడే ఖాయం చేసుకోవాలి.

సిసీలియాకు ఇంగ్లిషులో సాధారణ స్పెల్లింగు సీ, ఈ, సీ, ఐ, ఎల్, ఐ, ఏ. నాలుగో అక్షరం ఐ బదులు ఈ వేసి రాయడం తరచుగా జరుగుతుంది. నాయనమ్మగారి పాత పత్రాల్లో ఎలా ఉందో చూసి అదే ఉంచితే మంచిది. పేరు నోటితో చెప్పకుండా పెద్దక్షరాల్లో కాగితం మీద రాసివ్వండి.

ఇక్కడ పత్రం తమిళంలో కూడా ఉంటుంది, మనవాళ్లు చూడకుండా వదిలేసేది ఆ వరుసే. తమిళంలో క, గలకు ఒకే అక్షరం. త, దలకు, ప, బలకు కూడా అంతే. బెట్టీ అనే పేరు తమిళంలో రాస్తే ‘పెట్టి’ అని చదువుతారు, వాళ్ల భాషలో అది పెట్టె. మీ పేరులో ఆ బెడద లేదు గాని చ, స కలిసిపోయే ఇబ్బంది ఉంది. మామూలు తమిళ అక్షరంతో రాస్తే మొదటి అక్షరాన్ని చి అని కూడా చదవొచ్చు. స కోసం విడిగా గ్రంథాక్షరం (సంస్కృత ధ్వనుల కోసం తమిళంలో వాడే గ్రంథ లిపి అక్షరం) ఉంది, అది వేయమని అడగండి. రెండో అక్షరానికి దీర్ఘం కావాలో వద్దో కూడా ముందే చెప్పండి.

ఇంటిపేరు సంగతి మర్చిపోవద్దు. చెన్నై బళ్లలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెట్టడం అలవాటు, మనకేమో ఇంటిపేరు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనీషియల్స్ చెల్లవు, విడదీసి పూర్తిగా రాయాలి. అందుకని పాప పేరులో ఇంటిపేరు ఉండాలనుకుంటే పొడి అక్షరాలు కాకుండా మొత్తం రాయించండి. పత్రం రాగానే తమిళ వరుస, ఇంగ్లిషు వరుస, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌తో పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే వెంటనే మీ జోన్ ఆఫీసులో దిద్దుబాటుకు ఇవ్వండి.