మిద్దె మీద రౌటర్‌కి ల్యాన్ కేబుల్‌లోనే పవర్ పంపొచ్చా?

అన్నా, తెలిసినోళ్లు కొంచెం చెప్పండి. మాది ప్రొద్దుటూరు. ఫైబర్ కింద హాల్లో ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి తగిలే ఇంటర్నెట్ బాక్సు) దాకా వచ్చింది, ఫైబర్‌లో వచ్చే లైట్ సిగ్నల్ -21 డీబీఎం చూపిస్తాంది కాబట్టి లైన్ బాగానే ఉన్నట్టే. మిద్దె మీద రూములో రెండో రౌటర్ పెట్టాల, కేబుల్ 30 మీటర్ల దాకా పడుతుంది, కానీ పైకి ఇన్వర్టర్ లైన్ లేదు, ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, పోతే ఆఫీసు కాల్ మధ్యలోనే కట్.

షాపాయన 12 వోల్ట్ పాసివ్ పీవోఈ జత (ల్యాన్ కేబుల్‌లో అదే 12 వోల్టులు నేరుగా పంపే రెండు కనెక్టర్లు) చూపించి ఇది చాలు అంటాడు, నాకైతే నమ్మకం లేదు. రౌటర్ 12 వోల్ట్ 1 ఆంప్, అంత దూరం క్యాట్5ఈ ల్యాన్ కేబుల్‌లో పోతే రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి, పైన మిగిలేది తొమ్మిదిన్నర. పైగా ఆ జత వాడితే కేబుల్‌లోని నాలుగు వైర్ల జతల్లో రెండు పవర్‌కే పోతాయి కదా, స్పీడు 100 ఎంబీపీఎస్ దాటదు, మా ప్లాన్ 300.

అందుకే కింద ఇన్వర్టర్ మీద 48 వోల్ట్ 802.3ఏఎఫ్ (పీవోఈ స్టాండర్డ్) ఇంజెక్టర్, అంటే కేబుల్‌లోకి పవర్ ఎక్కించేది, పైన ఆ పవర్‌ని విడదీసే గిగాబిట్ స్ప్లిట్టర్‌తో 12 వోల్ట్ చేసుకుందామని. ఎవరన్నా ఇట్ల వాడినారా? కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారేటప్పుడు రౌటర్ రీస్టార్ట్ అవుతుందా? ఇంకోటి, ఇక్కడ దొరికే కేబుల్ చానావరకు రాగి పూత పూసిన అల్యూమినియమే, అసలు రాగిదో కాదో కొనేముందు ఎట్ల చూసుకోవాల?