14 గుడ్లు పెడితే 5 పిల్లలే వచ్చాయి: రెండో పెట్టను ఇప్పుడు కూర్చోబెట్టవచ్చా?

ప్రశ్న (చంద్రగిరి నుంచి)

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. ఉద్యోగ విరమణ తరువాత పెరట్లో నాటుకోళ్ళు పెంచడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు ఏడు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక పెట్ట పొదుగుకు వచ్చింది. అది పెట్టిన గుడ్లలో ఒక్కటీ వండుకోకుండా, మొదటి గుడ్డు నుంచి వంటింటి అటక మీద తౌడు పోసిన బుట్టలో దాచి ఉంచాము. అలా కూడిన 14 గుడ్లను, కోళ్ళన్నీ రాత్రి పడుకునే రేకుల కొట్టంలోనే ఒక మూల పాత సిమెంటు తొట్టిలో వరిగడ్డి పరిచి, దాని కింద పెట్టాము. ఆ తొట్టి మిగతా పెట్టలు కూడా గుడ్లు పెట్టే చోటే.

పెట్ట చాలా శ్రద్ధగా కూర్చుంది. 21వ రోజు మూడు పిల్లలు, 22వ రోజు మరో రెండు వచ్చాయి. ఆ సాయంత్రమే అది పిల్లలను వెంటబెట్టుకుని కిందికి దిగిపోయింది, మళ్ళీ గూటిలోకి పోలేదు. రెండు రోజులు చూసి, మిగిలిన 12 గుడ్లను పగలగొట్టి చూశాను. ఆరింటిలో సొన తప్ప ఏమీ లేదు, వాటిలో రెండు భరించలేని వాసన వచ్చాయి. మూడింటిలో ఈకలతో సహా పూర్తిగా ఎదిగిన పిల్లలు చనిపోయి ఉన్నాయి. ఇంకో మూడింటిలో బొటనవేలంత, సగం ఎదిగిన పిల్లలు ఉన్నాయి. ఉరుములకు గుడ్లు చెడకుండా కాపాడతాయనే ఇనుప మేకు, బొగ్గు గూటిలో పెట్టలేదు కాబట్టి ఇలా జరిగిందని ఇంట్లో పెద్దవారు అంటున్నారు. ఉరుము మాటే లేని చలికాలంలో కూడా మేకు అవసరమా అని నేను అడిగితే జవాబు రాలేదు కానీ, ఆ రోజు కాఫీ మాత్రం ఆలస్యంగా వచ్చింది.

వచ్చిన అయిదు పిల్లలలో ఒకటి మూడో రోజు నీళ్ళ గిన్నెలో పడి చనిపోయింది, మరొకదాన్ని కాకి ఎత్తుకుపోయింది. ఇప్పుడు మూడే ఉన్నాయి. మొన్నటి నుంచి రెండో పెట్ట కూర్చుంటోంది. మార్చి మొదలైంది, ఎండలు ముదురుతున్నాయి. దీన్ని కూర్చోబెట్టవచ్చా, లేక గుడ్లు లేకుండా పది వనరాజా రకం కోడిపిల్లలను కొని తెచ్చి దీనికి అప్పగించడం మేలా? మొదటిసారి పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (పలమనేరు నుంచి)

అయ్యా, మీ లెక్కను మీరే ఒకసారి మళ్ళీ చదవండి. పెట్టింది 14 గుడ్లు. పిల్లలైనవి అయిదు, పగలగొట్టినవి పన్నెండు, మొత్తం 17. ఆ మూడు గుడ్లు ఎక్కడినుంచి వచ్చాయి? మీ పెట్ట మేతకు దిగిన పావుగంటలో మిగతా పెట్టలు అలవాటైన తొట్టిలోకి ఎక్కి, తమ గుడ్డు పెట్టి వెళ్ళాయి. సగం ఎదిగిన ఆ మూడు పిల్లలు అవే అయి ఉంటాయి. వాటికి జబ్బేమీ లేదు, ఇంకో పది రోజులు వేడి అందితే అవీ లేచేవి. కానీ ముందు లేచిన పిల్లల పలుకు వినగానే తల్లి మనసు గుడ్ల మీద నుంచి పిల్లల మీదికి మారుతుంది. పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన సొనతో రెండు రోజులు మేత లేకుండా ఉండగలదు కనుక అంతవరకు తల్లి ఓపిక పడుతుంది, ఆ పైన దిగిపోతుంది. ఈకలు వచ్చిన మూడింటిలో కొన్నయినా ఒక పూట ఆలస్యమై అలా చల్లబడి పోయాయేమోనని నా అనుమానం.

దీనికి మందు ఒక పెన్సిలు. గుడ్లు పెట్టే రోజున ప్రతి గుడ్డు మీద చుట్టూ ఒక గీత గీయండి. రోజూ పెట్ట మేతకు దిగినప్పుడు చూసి, గీత లేని గుడ్డు కనిపిస్తే తీసివేయండి. అంతకంటే మంచిది, పెట్టను వేరే చోటికి మార్చడం. పగటిపూట మార్చితే అది పాత చోటికే పరుగెత్తుతుంది కాబట్టి చీకటి పడ్డాక మార్చాలి. కొత్త గూటిలో రెండు రాళ్ళో, పనికిరాని గుడ్లో పెట్టి దాని మీద గంప బోర్లించండి. రెండు రాత్రులు కదలకుండా కూర్చుని, చేయి పెడితే ఈకలు విప్పి గుర్రుమని పొడిస్తే అది నిజంగా పొదుగుకు వచ్చినట్టు. అప్పుడే అసలు గుడ్లు పెట్టాలి. పొద్దుటి పూట ఒక్కసారి గంప ఎత్తి మేత, నీళ్ళు చూపిస్తే చాలు. అప్పుడు అది వేసే రెట్ట పెద్దదిగా, ఘాటైన వాసనతో ఉంటుంది, అది జబ్బు కాదు.

సొన తప్ప ఏమీ లేని ఆరు గుడ్ల సంగతి వేరు. పెట్ట రోజు విడిచి రోజు పెట్టినా 14 గుడ్లు కూడడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. అంటే మీ మొదటి గుడ్లు పొదుగుకు పోకముందే ముసలివయ్యాయి. వారం లోపు పెట్టిన గుడ్లే పొదుగుకు పెట్టాలి, ఎండాకాలంలో అయితే నాలుగైదు రోజులకు మించకూడదు. పైగా వంటింటి అటక ఇంట్లో అన్నిటికంటే వేడి ఉండే చోటు. ఆ వెచ్చదనానికి గుడ్డులోని పిండం కొద్దిగా మేలుకొని, చాలినంత వేడి అందక అక్కడే ఆగిపోతుంది. మా అత్తగారు తడి ఇసుకలో సగం పాతిన మట్టికుండలో, మొన దిగువకు ఉండేలా గుడ్లు దాచేవారు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. మొదట పెట్టిన గుడ్లు మీరు వండుకోండి, చివరి వారం పెట్టినవే పెట్టకు వదలండి. ఒక్క పెట్టవి చాలకపోతే, అదే వారం మిగతా పెట్టలు పెట్టినవి కలపవచ్చు, తప్పు లేదు. గుడ్డు మురికిగా ఉంటే పక్కన పెట్టండి గానీ కడగవద్దు. పైనున్న సన్నని పొర పోతే లోపలికి క్రిములు చేరతాయి.

ఇనుప మేకు విషయంలో పెద్దవారితో వాదించకండి. పెట్టినందువల్ల నష్టం లేదు, కాఫీ వేళకు వస్తుంది.

జవాబు (పుత్తూరు నుంచి)

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. పశువైద్యశాలలో చాలా ఏళ్ళు పనిచేసినవాడిని కనుక పిల్లల గురించి, వనరాజా గురించి కొంత చెబుతాను.

వనరాజా, గ్రామప్రియ రకాలు హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించినవి. బాగా పెరుగుతాయి, నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, కానీ వాటిలో పొదిగే గుణం చాలా తక్కువ. కాబట్టి వనరాజా గుడ్లనైనా, పిల్లలనైనా నాటు పెట్టకు అప్పగించడం పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అయితే కొన్న పిల్లలు ఒకటి రెండు రోజుల వయసు దాటకూడదు, పెట్ట అప్పటికి కనీసం రెండు వారాలైనా గుడ్ల మీద కూర్చుని ఉండాలి. నిన్నగాక మొన్న కూర్చున్న మీ పెట్టకు ఇప్పుడే పిల్లలను చూపిస్తే పొడిచే అవకాశం ఎక్కువ. అంత వరకు ఆగి, రాత్రి చీకట్లో గుడ్లు తీసివేసి ఒక్కొక్క పిల్లను దాని రెక్కల కిందికి తోయాలి. తెల్లవారేటప్పుడు దగ్గర ఉండి చూడాలి. ఒక్క పిల్లను పొడిచినా అన్నిటినీ వెంటనే తీసి బల్బు వెలుతురు కింద వెచ్చగా పెంచుకోవలసిందే.

మీ పిల్ల నీళ్ళలో పడి పోవడం చాలామందికి జరిగేదే. లోతు లేని మూకుడులో గులకరాళ్ళు వేసి, రాళ్ళ సందుల్లో మాత్రమే నీళ్ళు నిలిచేలా పోయండి. మొదటి మూడు వారాలు పిల్లలను తల్లితో సహా గంప కిందే ఉంచితే కాకి, గద్ద, ముంగిస బాధ తప్పుతుంది. మేతకు నూకలు, రాగులు మాత్రమే వేస్తే కడుపు నిండుతుంది గానీ ఎదుగుదల ఉండదు. మొదటి నెల కంపెనీ పిల్లల దాణా కొంచెం ఖర్చైనా పెట్టండి. ఖర్చు లేనిది కావాలంటే చెదలు ఉంది. పాత కుండలో తడిపిన పేడ, చిరిగిన గోనెపట్టా, ఎండుగడ్డి కూరి, సాయంత్రం చెదలు ఉన్న నేల మీద బోర్లించి వస్తే తెల్లవారేసరికి కుండ నిండా చెదలు చేరుతుంది. ఎండ ఎక్కకముందే తెచ్చి పిల్లల ముందు దులపండి, తల్లి పిలిచి పిలిచి తినిపించే తీరు చూడవలసిందే.

అసలు భయపడవలసింది కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధి). అది ఒకసారి ఊళ్ళోకి వస్తే గూళ్ళకు గూళ్ళు ఖాళీ అవుతాయి, వచ్చాక మందు లేదు. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్ళీ ఒకసారి, 8 వారాలకు అదే తెగులుకు ఆర్‌2బి టీకా సూది వేయించాలి. మూడు పిల్లల కోసం వందల మోతాదులున్న సీసా కొనాలా అని వెనకాడతారు కనుకే చాలా ఇళ్ళలో టీకా పడదు. వీధిలో కోళ్ళున్న నాలుగిళ్ళ వారు ఒకే ఉదయం కలిసి వేయించుకోండి. సీసాను ఐసు పెట్టిన ఫ్లాస్కులో తేవాలి, కలిపాక రెండు గంటల లోపు వాడేయాలి, మిగిలితే రేపటికి దాచకూడదు.

జవాబు (శ్రీకాళహస్తి నుంచి)

పలమనేరు అక్కగారి అనుభవాన్ని కాదనను. కానీ పలమనేరు ఎత్తు మీద ఉన్న చల్లని ఊరు, తిరుపతి, శ్రీకాళహస్తి ఎండ వేరు. మార్చి మొదట్లో కూర్చోబెడితే నెలాఖరుకు పిల్లలు లేస్తాయి, అంతవరకు ఫరవాలేదు. ఏప్రిల్ పదో తేదీ తరువాత మాత్రం నేను ఏ పెట్టనూ కూర్చోబెట్టను. రేకుల కొట్టంలో అయితే మార్చిలో కూడా వద్దు. మధ్యాహ్నం ఆ రేకు కింద మనమే నిలబడలేము. పెట్ట నోరు తెరిచి రొప్పుతూ, చివరకు ఓర్వలేక గుడ్లు వదిలి లేచిపోతుంది. పాకలోనో, పెంకుటింటి పంచలోనో మట్టినేల మీద గూడు పెట్టి, చివరి మూడు రోజులు గూటి చుట్టూ నేల మాత్రం తడపండి. గూడు పొడిగా ఉండాలి. ఇంకొకటి, పొదుగుకు పెట్టేముందు పెట్ట రెక్కల కింద పేలు ఉన్నాయేమో చూడండి. ఉంటే బూడిదలో దాన్ని పొర్లనివ్వండి, గడ్డి కింద వేపాకు వేయండి. పేలు కుట్టే పెట్ట 21 రోజులు కూర్చోలేదు.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు (12 రోజుల తరువాత)

మీ అందరికీ కృతజ్ఞతలు. 17 అనే లెక్క నా కంట పడకపోవడం సిగ్గుగానే ఉంది, నేను ముప్పై ఏళ్ళు లెక్కలే చెప్పాను. వనరాజా ఆలోచన ఈసారికి మానుకున్నాను. పెట్టను రాత్రి వేళ వసారా పక్కన ఉన్న పాత కట్టెల గదిలోకి మార్చి, అయిదు రోజుల లోపు గుడ్లు పది మాత్రమే పెన్సిలు గీతలతో పెట్టాను. ఏడో రాత్రి ఫోను లైటుకు అడ్డం పెట్టి చూస్తే ఎనిమిదింటిలో సాలెగూడు వంటి ఎర్రని నరాలు కనిపించాయి. ఖాళీగా ఉన్న రెండింటినీ తీసివేశాను. టీకాకు పక్కింటివారు, ఎదురింటివారు కలుస్తామన్నారు. మేకు, బొగ్గు రెండూ గూటిలో ఉన్నాయి.

నిన్న గది తలుపు వేయడం మరిచిపోయాము. సాయంత్రం చూస్తే గూటిలో గీత లేని గుడ్డు ఒకటి కనిపించింది. రాత్రి పులుసులోకి సరిపోయింది.