క్యాసెట్ అట్ట మీది కౌంటర్ నంబర్లు ఇంకో క్యాసెట్ డెక్‌లో కలవడం లేదు. సీడీలో పద్యం పద్యానికీ గుర్తు ఎలా పెట్టాలి?

రీలుబడి:

పద్యనాటకాలు, హరికథలు రికార్డు చేసిన క్యాసెట్లు ఒక పెట్టెడు ఉన్నాయి. ఎక్కువగా సి-90లు (రెండు సైడులూ కలిపి 90 నిమిషాలవి), కొన్ని సి-60లు (60 నిమిషాలవి). రికార్డు చేసినవారు ఏ పద్యం ఎక్కడ మొదలవుతుందో అట్ట మీద కౌంటర్ నంబర్లతో (టేపు ఎంత నడిచిందో డెక్ చూపించే అంకెలు) సహా ఓపిగ్గా రాసిపెట్టారు. ఆ డెక్ ఇప్పుడు లేదు. ఉన్న డెక్‌లో వేస్తే 100 దగ్గర ఉండాల్సిన పద్యం 122 దగ్గర వస్తోంది, 500 దగ్గరిది 610కి పోతోంది. టేపు నడిచేకొద్దీ తేడా పెరుగుతోంది.

అడగాల్సినవి మూడు.

ఒకటి, ఈ నంబర్లను కొత్త డెక్‌కీ, నిమిషాలు సెకన్లకీ మార్చే లెక్క ఏదైనా ఉందా?

రెండు, కంప్యూటర్లోకి ఎక్కించాక ఆడియో సీడీ చేస్తే ట్రాకుకీ ట్రాకుకీ మధ్య 2 సెకన్ల ఖాళీ వస్తోంది. పద్యం చివరి రాగం నేరుగా తర్వాతి సంభాషణలోకి సాగే చోట అది ముక్కలవుతోంది. ఖాళీ లేకుండా గుర్తులు పెట్టడం ఎలా?

మూడు, అదే పెట్టెలో పాత సీడీ-ఆర్‌లు (కంప్యూటర్‌లో రాసుకునే సీడీలు) కొన్ని ఉన్నాయి. ప్లేయర్‌లో పెడితే డిస్క్ లేదంటోంది. పట్టి చూస్తే రాసిన భాగం రంగు తేడాగా కనిపిస్తూనే ఉంది. లోపల ఏముందో తెలుసుకునే దారి ఉందా?

పాతటేపు:

మొదటిదానికి జవాబు మీ అంకెల్లోనే ఉందండి. 122ని 100తో భాగించినా, 610ని 500తో భాగించినా 1.22 వస్తుంది. అంటే రెండు డెక్‌ల కౌంటర్లూ ఒకే రీలు చుట్లను లెక్కపెడుతున్నాయి, లోపలి బెల్టు, పుల్లీల నిష్పత్తి మాత్రమే వేరు. అట్ట మీది నంబరు దేన్నయినా 1.22తో గుణిస్తే మీ డెక్‌లో ఎక్కడుందో తెలుస్తుంది. సి-60కీ ఇదే గుణకం పనిచేస్తుంది.

ఈ నిష్పత్తి టేపు మొదట్లో ఒకలా, చివర్లో ఇంకోలా వస్తే మాత్రం కారణం వెతకాలి. ఒక డెక్ టేపు చుట్టుకునే రీలును, రెండోది టేపు వదిలే రీలును లెక్కపెడుతూ ఉండొచ్చు. లేదా బెల్టు జారుతూ ఉండొచ్చు. బెల్టు సంగతి తేల్చడం సులువు. టేపు మొదట్లో 000 పెట్టి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. కౌంటర్ ఒకటి రెండు అంకెల తేడాలో 000కి రాకపోతే బెల్టు సాగిపోయినట్టే. అది మార్చేదాకా ఆ నంబర్లను నమ్మకండి. ఇలా ఒకసారి అటూ ఇటూ తిప్పడం వల్ల ఏళ్ల తరబడి కదలని టేపు చుట్లు కూడా సమంగా బిగుస్తాయి.

ఇంకో చిన్న మెలిక ఉంది. 000 ఎక్కడ పెట్టారన్నది చూడాలి. క్యాసెట్ మొదట్లో సుమారు 5 సెకన్ల పాటు రికార్డు కాని లీడర్ టేపు ఉంటుంది. కొందరు లీడర్ మొదట్లోనే సున్నా పెడతారు, కొందరు శబ్దం మొదలైన చోట పెడతారు. అన్ని నంబర్లూ ఒకేలా ఒకటి రెండు అంకెల మేర తప్పితే కారణం ఇదే.

నంబర్లను నిమిషాలుగా మార్చడానికి ఒక్క గుణకారం సరిపోదు. టేపు హెడ్ ముందు నుంచి ఎప్పుడూ ఒకే వేగంతో, సెకనుకు 4.76 సెంటీమీటర్లు, పోతుంది. కానీ చుట్టుకునే రీలు లావెక్కుతూ ఉంటుంది. సి-90లో మొదటి చుట్టుకు 7 సెంటీమీటర్ల టేపు పడితే చివరి చుట్టుకు 15 పైనే పడుతుంది. కాబట్టి కౌంటర్‌లో ఒక్కో అంకె దాటడానికి పట్టే సమయం పెరుగుతూ పోతుంది.

చేయాల్సింది ఇది. ఒక సైడు మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించండి. అట్ట మీది నంబర్లలో దూరదూరంగా ఉన్న రెండిటిని తీసుకుని, ఆ పద్యాలు ఫైలులో ఎన్నో సెకనులో ఉన్నాయో వినండి. ఉదాహరణకి 100 నంబరు 322వ సెకనులో, 500 నంబరు 2244వ సెకనులో దొరికాయనుకుందాం. సెకన్లను నంబరుతో భాగిస్తే మొదటిదానికి 3.22, రెండోదానికి 4.49 వస్తాయి. ఈ భాగఫలం సమంగా పెరుగుతుంది. 400 అంకెల్లో 1.27 పెరిగింది కనుక 200 అంకెలకు 0.635. అప్పుడు 300 నంబరు దగ్గర భాగఫలం 3.855. దాన్ని 300తో గుణిస్తే సుమారు 1156 సెకన్లు, అంటే 19 నిమిషాల 16 సెకన్లు. నేరుగా 322కీ 2244కీ సగటు తీసి ఉంటే 21 నిమిషాల 23 సెకన్లు వచ్చేది, రెండు నిమిషాలకు పైగా తప్పు.

ఇలా ఒక సి-90కి కట్టిన లెక్క మిగతా సి-90లకు దాదాపు సరిపోతుంది. సి-60కి విడిగా కట్టుకోవాలి, ఎందుకంటే దాని టేపు మందం 16 నుంచి 18 మైక్రాన్లు, సి-90ది 12 మైక్రాన్ల లోపే. మందం మారితే రీలు లావెక్కే తీరు మారుతుంది.

శబ్దశాల:

పైన చెప్పిన లెక్క బాగుంది, కానీ దాన్ని పద్యం ఉన్న చోటి దగ్గరికి చేరడానికే వాడండి. అసలు గుర్తు టేపు మీద కాదు, ఫైలు మీద పెట్టాలి. డెక్ వేగంలో 2 శాతం తేడా ఉన్నా 45 నిమిషాల సైడులో 54 సెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఇంకో డెక్‌లో వేస్తే సెకన్లు మళ్లీ మారతాయి. అందుకే ప్రతి సైడునీ మధ్యలో ఆపకుండా, ముక్కలు చేయకుండా ఒకే వేవ్ (.wav) ఫైలుగా ఎక్కించండి. దాచుకునే కాపీ 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. సీడీకి దాని నుంచి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ కాపీ వేరుగా తీసుకోవాలి. ఎక్కించే ముందు, పొరపాటున దాని మీద రికార్డు కాకుండా క్యాసెట్ పైనున్న ప్లాస్టిక్ పలక విరిచేయండి. ఏ సైడు మీవైపు ఉంటే ఎడమ చేతి పలక ఆ సైడుది.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు వింటూ పద్యం ఎత్తుకున్న చోట కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే అక్కడ లేబుల్ పడుతుంది. పేరు తెలుగులోనే టైప్ చేయొచ్చు. చివర్లో లేబుళ్లను టెక్స్ట్ ఫైలుగా ఎగుమతి చేయండి. ప్రతి వరుసలో మొదలు సెకను, చివరి సెకను, పేరు ఉంటాయి. శాంప్లింగ్ రేటు (పైన చెప్పిన కిలోహెర్ట్జ్ అంకె) మారినా సెకన్లు మారవు కనుక ఇదే జాబితా రెండు ప్రతులకూ పనికొస్తుంది. వేవ్ ఫైలు లోపల కూడా గుర్తులు పెట్టే ఏర్పాటు ఉంది గానీ, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫైలును మళ్లీ సేవ్ చేసేటప్పుడు వాటిని వదిలేస్తాయి. విడి టెక్స్ట్ ఫైలే భద్రం.

ఇక సీడీలో ఖాళీ సంగతి. మీ బర్నింగ్ (సీడీ రాసే) సాఫ్ట్‌వేర్ ట్రాక్-ఎట్-వన్స్ పద్ధతిలో రాస్తోంది. అందులో ఒక్కో ట్రాకు అయ్యాక లేజర్ రాయడం ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. మధ్యలో 2 సెకన్లు పోయేది అక్కడే. డిస్క్-ఎట్-వన్స్ ఎంచుకుని, సైడు మొత్తాన్నీ ఒకే వేవ్ ఫైలుగా ఇచ్చి, ట్రాకులు ఎక్కడ మొదలవ్వాలో క్యూ షీట్ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో చెప్పండి. లేజర్ ఆగకుండా మొదటి నుంచి చివరిదాకా రాస్తుంది. ట్రాకు నంబరు మారుతుంది, శబ్దం తెగదు. మొదటి ట్రాకుకు ముందు 2 సెకన్ల విరామం మాత్రం తప్పనిసరి, అది ప్రమాణంలోనే ఉంది.

క్యూ షీట్‌లో చాలామంది తప్పు పెట్టేది సమయం దగ్గర. అక్కడ రాసేది నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు. మూడోది సెకనులో నూరో వంతు కాదు, 75వ వంతు. కాబట్టి 00 నుంచి 74 వరకే ఉండాలి. లేబుల్ 754.52 సెకన్ల దగ్గర ఉంటే, 12 నిమిషాల 34 సెకన్లు పోగా మిగిలిన 0.52ని 75తో గుణించి 39 అని రాయాలి. సీడీ మీద ఒక సెకను 75 సెక్టార్లుగా (ఆ ఫ్రేములే ఇవి) ఉంటుంది, ఒక్కో సెక్టారుకు 588 శాంపిళ్లు (శబ్దపు కొలతలు). ట్రాకు సెక్టారు హద్దు దగ్గరే మొదలవగలదు. ట్రాకులను విడివిడి ఫైళ్లుగా కోసి ఇస్తే, 588తో సరిగ్గా భాగించబడని ఫైలు చివర సాఫ్ట్‌వేర్ సున్నాలు నింపుతుంది. ఖాళీ లేకపోయినా ట్రాకుల మధ్య టిక్కుమని వినిపించేది ఆ సున్నాల వల్లే. ఆడాసిటీలో సమయం చూపే తీరును సీడీడీఏ (ఆడియో సీడీ) ఫ్రేములకు మార్చి, కోత ఫ్రేము హద్దుకే పడేలా స్నాప్ ఆన్ చేసి కోస్తే ఈ బాధ ఉండదు.

డిస్క్‌కు 99 ట్రాకులు మించకూడదు, ఒక్కోటి కనీసం 4 సెకన్లు ఉండాలి. ట్రాకు లోపల ఇండెక్స్ గుర్తులు కూడా పెట్టొచ్చని ప్రమాణం అంటుంది గానీ, వాటి దగ్గరికి వెళ్లగల ప్లేయర్లు అరుదు. పద్యానికో ట్రాకు పెట్టడమే నయం. ట్రాకుల పేర్లను డిస్క్‌లోనే రాసే సీడీ-టెక్స్ట్‌లో తెలుగు లిపికి చోటు లేదు, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాయాల్సిందే. సి-90 రెండు సైడులూ కలిపి 80 నిమిషాల డిస్క్‌లో పట్టవు, సైడుకో డిస్క్ పెట్టుకోండి.

వెండిపళ్లెం:

మూడో ప్రశ్నకు. ప్లేయర్ డిస్క్ లేదనడం, రాసిన వలయం కంటికి కనబడడం, ఈ రెండూ కలిసి ఉంటే మొదట అనుమానించాల్సింది ఫైనలైజ్ చేయకుండా (రాయడం ముగించి మూసేయకుండా) వదిలేసిన డిస్క్ అని. సీడీలో విషయసూచిక లోపలి అంచున లీడ్-ఇన్ అనే భాగంలో ఉంటుంది. సీడీ-ఆర్ రాస్తున్నంతసేపూ ట్రాకుల వివరాలు ఇంకా లోపల, తాత్కాలికంగా ఒక చిన్న భాగంలో నమోదవుతాయి. ఫైనలైజ్ చేసినప్పుడే లీడ్-ఇన్ నిండుతుంది. మామూలు ప్లేయర్‌కు ఆ తాత్కాలిక భాగం చదవడం రాదు. సీడీ రైటర్‌కు వస్తుంది. కంప్యూటర్ రైటర్‌లో పెట్టి బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ వివరాలు అడగండి. ట్రాకులు కనిపిస్తే ముందు వాటిని కాపీ చేసుకుని, ఆ తర్వాతే ఫైనలైజ్ చేయండి. రాయడం మధ్యలో విఫలమైతే ఉన్నది కూడా పోవచ్చు.

రైటర్ కూడా చూడలేకపోతే లోపలి అంచు మురికిగానో గీతలుపడో ఉండొచ్చు. మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవొద్దు. ట్రాకు వెంబడి పడే గీత చాలా దూరం డేటాను వరసగా చెరుపుతుంది, అడ్డంగా పడేదాన్ని దోష సవరణ దాటేస్తుంది.

డేటా డిస్క్ అయితే డీడీరెస్క్యూ అనే డేటా రక్షించే సాఫ్ట్‌వేర్‌తో, బ్లాకు పరిమాణం 2048 బైట్లుగా పెట్టి, మ్యాప్ ఫైలుతో (ఏది చదివిందో, ఏది మిగిలిందో నమోదు చేసేది) సహా ఇమేజ్, అంటే డిస్క్ పూర్తి నకలు, తీయండి. చదవలేని చోట్లు వదిలి ముందుకు పోయి, తర్వాత వాటికే తిరిగొస్తుంది. అదే మ్యాప్ ఫైలుతో వేరే డ్రైవ్‌లో కొనసాగించొచ్చు. ఒక్కో డ్రైవ్ ఒక్కో చోట బాగా చదువుతుంది. ఆడియో సీడీకి ఇది కుదరదు. డేటా సెక్టారుకు తన చిరునామా తనలోనే రాసి ఉంటుంది. ఆడియో సెక్టారుకు ఆ శీర్షిక ఉండదు, పక్కన నడిచే క్యూ సబ్‌కోడ్‌లో మాత్రమే సమయం ఉంటుంది. అందుకే డ్రైవ్ అడిగిన చోటికి కొన్ని శాంపిళ్లు అటో ఇటో దిగుతుంది. ఆడియోకు సీడీపారనోయా గానీ ఎగ్జాక్ట్ ఆడియో కాపీ గానీ వాడండి. ఇవి అనుమానం ఉన్న చోటును మళ్లీ మళ్లీ చదివి పోల్చుకుంటాయి.

కొన్ని ఫైళ్లు కనిపించి కొన్ని మాయమైతే అది మల్టీసెషన్ (పలు విడతలుగా రాసిన) డిస్క్ కావచ్చు. కంప్యూటర్ చివరి సెషన్ సూచికనే చూపిస్తుంది. సెషన్లను విడిగా తెరిచే సాఫ్ట్‌వేర్‌తో పాతవి బయటికొస్తాయి.

డిస్క్ మీద పేరు రాయాలంటే మధ్యలోని పారదర్శకమైన వలయం మీద, నీటి సిరా మార్కర్‌తో రాయండి. సీడీలో డేటా పొర పేరు రాసే వైపే, పల్చటి లక్క పూత కిందే ఉంటుంది. బాల్‌పెన్ నొక్కుడుకే దెబ్బతింటుంది.

రీలుబడి:

1.22 అన్ని నంబర్లకూ కలిసింది, డిస్క్-ఎట్-వన్స్‌తో రాగం తెగకుండా వచ్చింది. ధన్యవాదాలు. డెక్‌లో పాట వెతికే బటన్ ఉంది, అట్ట లేని క్యాసెట్లకు దాన్ని వాడొచ్చా?

పాతటేపు:

సినిమా పాటల క్యాసెట్లకైతే వాడొచ్చు. అది టేపును వేగంగా తిప్పుతూ సుమారు 4 సెకన్ల నిశ్శబ్దం కోసం చూస్తుంది. హరికథలో, నాటకంలో హార్మోనియం శ్రుతి ఆగదు కనుక పద్యం మారినా దానికి తెలియదు. శ్రుతి లేని మాటల్లో కాస్త ఎక్కువసేపు ఆగితే అక్కడ పాట అయిపోయిందనుకుంటుంది. పైగా అలా వెతికేటప్పుడు హెడ్ టేపుకు ఆనుకునే ఉంటుంది, పాత టేపు మీద అనవసరపు రాపిడి. అట్ట లేనివాటిని కూడా ఒకసారి పూర్తిగా ఎక్కించేసి, ఫైలులో తరంగం ఆకారం చూస్తూ లేబుళ్లు పెట్టుకోండి. తబలా మొదలయ్యే చోటు తరంగంలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చాలాసార్లు పద్యానికి కొద్ది సెకన్ల ముందో వెనకో అదే ఉంటుంది.