అమెరికాల ఎన్నికల ప్రచారం దగ్గరుండి చూడాలని ఉంది, పోయొచ్చినోళ్లు చెప్పండి

నయీంనగర్ పిల్ల
అందరికీ నమస్తే. కాకతీయ యూనివర్సిటీల ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్న. మాది హన్మకొండ. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా గల్లీల ప్రచారం మొదటి నుంచి చూసిన. ఆటోల మీద మైకులు, డప్పులు, మెడల కండువాలు. పోటీల ఉన్నాయన మా ఇంటి ముందర ఆగింది అర నిమిషం కూడ కాదు. మా అమ్మ నల్లా నీళ్ల గురించి చెప్పబోయింది. ఆయన చేతులు జోడించి పక్కింటికి పోయిండు. అమ్మ మాట సగంలనే ఆగిపోయింది. అప్పటిసంది నాకు ఒకటే ఆలోచన, వేరే దేశంల ఓట్లు ఎట్ల అడుగుతరు అని.

2026 నవంబర్ 3న అమెరికాల మిడ్‌టర్మ్ ఎన్నికలు, అంటే అధ్యక్షుడి పదవీకాలం నడిమిట్ల వచ్చే ఎన్నికలు. మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీల ఉంటడు, రమ్మంటుండు. ప్రచారం చేసేటోళ్లతోటి తిరగచ్చా? తిరిగితే వీసాకు ఇబ్బంది అయితదా? టికెట్టు కోసం బాపు చిట్టీ ఎత్తుత అంటుండు. అందుకే ఊరికెనే చుట్టాలింటికి పోయినట్టు పోయి రావద్దని నా బాధ.

పరకాల పిల్లగాడు
నేను హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఇక్కడే అమెరికాల ఉన్న. 2024ల రెండు శనివారాలు ఒక టీంతోటి ఇల్లిల్లు తిరిగిన. నాకు తెలిసినంత చెప్త, జాగ్రత్తగ చదువు.

ఇక్కడి ఎన్నికల చట్టం ప్రకారం విదేశీయులు జీతం తీసుకోకుండ వాలంటీరుగ పని చేయచ్చు. పైసలు మాత్రం ఒక్క డాలర్ కూడ ఇవ్వద్దు. అభ్యర్థి దుకాణంల టోపీ కొన్నా, టీషర్టు కొన్నా అది చందా కిందికే వస్తది. ప్రచారం ఎట్ల నడపాలె, డబ్బు ఎక్కడ పెట్టాలె అన్న నిర్ణయాల్ల కూడ మనం వేలు పెట్టద్దు. అన్నింటికంటె ముఖ్యం, బజార్ల టేబుల్ వేసుకొని ఓటరు నమోదు చేసేటోళ్లు ఉంటరు. నవ్వుకుంట ఫారం చేతిల పెడ్తరు. సంతకం పెట్టకు. పౌరురాలిని కాదు, చూడడానికి వచ్చిన అని మొహం మీదనే చెప్పు. వీసా ఇంటర్వ్యూల కూడ ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇంకోటి. వీలైతే న్యూహాంప్‌షైర్ పో, న్యూజెర్సీ నుంచి కార్ల ఐదు గంటల దారి. మొత్తం రాష్ట్రంల 14 లక్షల జనం, దిగువ సభల 400 మంది సభ్యులు. అంటే మూడున్నర వేల మందికి ఒకరు. జీతం ఏడాదికి 100 డాలర్లే. రెండేండ్లకోసారి అన్ని సీట్లకూ ఎన్నిక, 2026ల కూడ ఉంది. అట్లాంటి అభ్యర్థి తనే వచ్చి తలుపు కొడ్తడు.

కాజీపేట జంక్షన్
చెల్లె, నేను అమెరికా పోలే. ఇంగ్లండ్ సంగతి చెప్త, పనికొస్తదేమో చూడు.

లీడ్స్‌ల ఎమ్మెస్సీ చదివేటప్పుడు 2024 జులై 4న అక్కడ ఎన్నికలు వచ్చినయి. మే 13న మన లోక్‌సభ ఓటు నాకు పోయింది, ఇక్కడికి వచ్చి వేస్తెనే ఓటు కద. అది ఇప్పటికీ మనసుల గుచ్చుకుంటది. కానీ మన దేశం లెక్క కామన్‌వెల్త్ కూటమిల ఉన్న దేశాలోళ్లు అక్కడ నివాసం ఉంటే, స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే, పేరు నమోదు చేసుకొని పార్లమెంటుకు ఓటు వేయచ్చని అప్పుడే తెలిసింది. వేసిన కూడ. కాగితం మీద పెన్సిల్‌తోటి ఇంటూ మార్కు.

దానికి ముందు మూడు వారాలు ఒక పార్టీ వాళ్లతోటి తిరిగిన. మొదటి రోజు నా చేతిల ఒక కరపత్రాల కట్ట, ఒక చెక్క గరిటె పెట్టిన్రు. గరిటె ఎందుకో అర్థం కాలే. అక్కడ తలుపుకే ఉత్తరాలు వేసే సందు ఉంటది, దానికి స్ప్రింగు మూత, లోపల గట్టి బ్రష్షు. వేళ్లతోటి తోస్తే మూత టక్కున పడ్తది, లోపల కుక్క ఉంటే కరుస్తది. అందుకే కరపత్రాన్ని గరిటెకు ఆనించి లోపలికి నెడ్తరు. రెండో రోజు గరిటె రూంల మర్చిపోయి పోయిన. సాయంత్రానికి రెండు వేళ్లకు చర్మం లేసింది.

వీధికి ఐదారుగురం పోతం. ఒకామె చేతిల ఓటర్ల షీటు, ఇంటి నెంబర్ల వారీగ. మేము తలుపు కొట్టి మాట్లాడి, వచ్చి ఆమెకు చెప్తం. వీళ్లు మనకే, వీళ్లు కాదు, వీళ్లు ఇంకా తేల్చుకోలే. ఒక ఇంటి కాడ ముసలామె డాక్టరు అపాయింట్‌మెంటు దొరకట్లేదని ఇరవై నిమిషాలు చెప్పింది. సన్నగ వాన పడుతుంది. మా టీం పెద్దాయన గొడుగు తెరవకుండ, గడియారం చూడకుండ విన్నడు. ఆఖరికి ఆమె "మీకైతే ఓటు వెయ్యను" అన్నది. ఆయన థాంక్స్ చెప్పి, షీటుల అట్లనే రాయించిండు. మీ అమ్మ ముచ్చట చదివితే నాకు ఆ గుమ్మం యాదికొచ్చింది.

అట్లని అంతా అక్కడే గొప్ప అనను. ఇంట్ల లైటు వెలుగుతున్నా తలుపు తియ్యనోళ్లే ఎక్కువ. ఆ ఎన్నికల్ల నూటికి అరవై మందే ఓటేసిన్రు. మన దగ్గర 2023ల డెబ్బై దాటింది. మన జనానికి ఓటు మీద ప్రేమ ఉంది, అడిగేటోళ్లకే ఓపిక తక్కువ.

పోతే పోలింగుకు ముందు రెండు వారాలు పో. నాలుగు ఊర్లు తిరగకు, ఒక్క ఊర్ల ఒక్క టీంతోటి ఉండు.

నర్సంపేట రిటైర్డ్ సార్
అమ్మా, ఒక్క మాట. ఇదే పని మన దేశంల విదేశీయులు చేస్తే ఒప్పుకోరు. 2019ల బెంగాల్‌ల ఒక పార్టీ ప్రచారానికి వచ్చిన బంగ్లాదేశ్ నటుడి వీసా రద్దు చేసి పంపించిన్రు. ఒక్కో దేశానికి ఒక్కో పద్ధతి. చట్టం ఒప్పుకున్నా, వేరే వాళ్ల ఇంటి పంచాయితీల ఒక పక్కన నిలబడుడు నాకు నచ్చది. చూడు, విను, రాసుకో. ఓటు మాత్రం నువ్వు అడగకు. చిట్టీ ముందుగల పాడితే ఎంత తక్కువొస్తదో కూడ బాపుతోటి కూసొని లెక్క చూసుకో.

నయీంనగర్ పిల్ల
సార్, మీరు చెప్పింది బాపుకు చదివి వినిపించిన. చిట్టీ ఇంకో నాలుగు నెలలు ఆగి ఎత్తుదాం అన్నడు. నేను కూడ తలుపు కాడ మాట్లాడ, షీటు పట్టుకునే వాళ్ల పక్కన నిలబడ్త. కాజీపేట అన్నా, ఆ షీటు ఫోటో ఏమన్న ఉందా? ఏమేం రాస్తరో చూడాలని ఉంది.

కాజీపేట జంక్షన్
ఫోటో తియ్యనియ్యరు చెల్లె, అందుల జనాల పేర్లుంటయి. ఉన్నా పెట్టకపోదును. ఉత్త గడులు తెల్లకాగితం మీద గీసి, పేర్లు లేకుండ రేపు పెడ్త.