అప్‌డేట్: యాళి మట్టిబొమ్మ మెడ దగ్గర పగుళ్లు, కారణం దొరికింది

ఒంగోలు గిత్త ఒంటికి సింహం తల పెట్టి ప్రాక్టీసుకి చేస్తున్న 12 అంగుళాల యాళి (గుడి శిల్పాల్లో కనిపించే కల్పిత జంతువు) బొమ్మ, మెడ దగ్గరా ముంగాళ్ల దగ్గరా పగులుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఇసుక కలపమని, తడిగుడ్డ కప్పమని, లోపల లావు తీగ వాడమని, ఆయిల్ క్లేకి మారమని సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఇక్కడ వినాయకుడి విగ్రహాలు చేసే మేస్త్రి పగులు విప్పి చూపించారు. చెరువు మట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, బొమ్మకి ఆధారంగా లోపల పెట్టిన ఇనుప తీగ కుంచించుకోదు. అందుకే చీలిక సరిగ్గా తీగ వెంబడే వచ్చింది. ఇసుక కలపడం, తడిగుడ్డ కప్పడం పగులును రెండ్రోజులు వాయిదా వేశాయంతే. లావు తీగ వాడటమూ దండగే.

పనిచేసింది ఆయిల్ క్లే (నూనె కలిపిన, ఆరని మట్టి) సలహా. అల్యూమినియం తీగ రెండు పేటలు మెలేసి, పైన సన్నటి బైండింగ్ వైరు చుట్టాక క్లే జారలేదు. కాల్చే బొమ్మైతే మాత్రం తీగ లేకుండా, లోపల బోలుగా చేయాల్సిందే.

అన్నట్టు, మూపురం నడుం మీదికి జరిగిందన్నవాళ్ల మాటే కరెక్టు. అది భుజాల పైన ఉండాలి.